పాలిపోయిన చిగుళ్లు.. యల్లాప్రగడ సుబ్బారావు

మీ పిల్లి రెండు రోజులుగా తిండి మాని మూలన ముడుచుకుంటోందా? పెదవి కాస్త పైకెత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో ఉండాల్సినవి తెల్లగా పాలిపోతే రక్తహీనత కావచ్చు. ఒంటిమీద చేరి రక్తం పీల్చే పురుగుల వల్ల రావచ్చు, ఎర్రకణాలకు అంటుకునే సూక్ష్మజీవి వల్లా రావచ్చు. రెండోదని రక్తపరీక్షలో తేలితే పశువైద్యులు సాధారణంగా డాక్సీసైక్లిన్ ఇస్తారు. ఆ మందుల కుటుంబంలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. కనుగొన్నది డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త. అప్పుడు ఆ లెడర్లీ పరిశోధనశాలను నడిపిస్తున్నది మాత్రం మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

రక్తహీనత ఆయనకు పుస్తకంలో చదివిన జబ్బు కాదు. 1895లో పుట్టిన ఆయన యువకుడిగా ఉండగానే స్ప్రూ అనే పేగుల జబ్బు సోదరులను పొట్టనబెట్టుకుంది. అందులో తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడిపోతుంది. అదే జబ్బు ఆయన్నీ పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు.

మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు గౌను వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కు కోపం తెప్పించారు. ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 1920ల మొదట్లో బోస్టన్ చేరి, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట చిల్లర పనులు చేశారు. ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరం పరీక్ష పద్ధతి లేబొరేటరీల్లో స్థిరపడిపోయింది. అంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీకి వెళ్లారు.

సోదరుల రక్తాన్ని హరించిన జబ్బుకు జవాబు అక్కడే దొరికింది. కాలేయం నుంచి చిటికెడు తీయడానికే నానా తంటాలు పడాల్సిన ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది పనిచేసింది. గర్భిణులకు డాక్టర్లు రాసే ఫోలిక్ మాత్ర ఇదే.

మనుషుల మాత్రలే కదా అని పిల్లికి సొంతంగా ఐరన్ బిళ్లలు వేయకండి. పారాసిటమాల్ అసలే వద్దు. పిల్లి శరీరం దాన్ని హరాయించుకోలేదు, ఎర్రకణాలు దెబ్బతింటాయి. ఒక్క బిళ్ల చాలు, ప్రాణం పోవడానికి. ఇప్పటికే వేసి ఉంటే సాయంత్రం దాకా ఆగకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

ఆరియోమైసిన్ సంగతి 1948 జులైలో ప్రపంచానికి తెలిసింది. మరుసటి నెలలోనే సుబ్బారావు న్యూయార్క్‌లో నిద్రలో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. వెళ్లాక మళ్లీ సొంతగడ్డ చూడనేలేదు.