నీటికి లెక్క నేర్పిన విశ్వేశ్వరయ్యగారు

కరువు వచ్చినపుడు వాన కురియలేదని దుఃఖించువారు పెక్కురు. ఉన్న నీరు ఎందరికి, ఏ విధమున అందవలయునని యోచించువారు అరుదు. అట్టివారిలో అగ్రగణ్యులు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము నుండి మైసూరు సీమకు తరలిపోయిన తెలుగువారు. ముద్దెనహళ్లి వారి జన్మస్థలము. చిన్ననాడే తండ్రిని గోల్పోయిరి. పిల్లలకు పాఠములు చెప్పి పొట్టపోసికొనుచు బెంగుళూరున చదివి, 1881లో బి.ఏ. పట్టము నందిరి. పూనాలో ఇంజనీరింగు విద్య ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువున ప్రవేశించిరి.

1896-97లోను, 1899-1900లోను దక్కను సీమను ఘోరక్షామములు పీడించెను. ఆ కాలమున పూనా జిల్లాలో నీరా కాలువ క్రింద సేద్యము సాగుచుండెను. నీరానది భీమలోను, భీమ కృష్ణలోను కలియును. కాలువ నీరు సులభముగ నందిన రైతులు చెరకు విస్తారముగ వేసి, నీటిని మితిమీరి పెట్టుచుండిరి. అందుచే వారి పొలములే జౌకెక్కి చౌడుబారుచుండెను. నీరందని పల్లెలు వానకై ఎదురుచూచుచుండెను.

దీనికి విరుగుడుగ విశ్వేశ్వరయ్యగారు 1899లో బ్లాకు పద్ధతిని రూపొందించిరి. కాలువ నీటిని కొలది గ్రామములకే విడువక పెక్కు గ్రామములకు పంచవలెను. ఒక్కొక్క గ్రామమున అనువైన నేలను ఎంచి, ఇంత విస్తీర్ణమని హద్దు కట్టవలెను. ఆ బ్లాకులో ఒక భాగముననే చెరకు వేసి, తక్కిన భాగములలో తక్కువ నీటితో పండు పైరులు వేయవలెను. ఏటేట పైరుల తావు మార్చవలెను. ఇట్లు చేసిన నీరు ఆదా యగును, భూసారము నిలుచును, ఫలము పదిమందికి దక్కును. చెరకు తగ్గిన రాబడి తగ్గునని రైతులు శంకించుట సహజము. విశ్వేశ్వరయ్యగారు లెక్కలు విడమరచి చెప్పి వారిని ఒప్పించిరి.

నిలువ నీటిని పెంచుటయందును వారి బుద్ధి అట్లే పనిచేసెను. పూనా చెంత ఖడక్‌వాస్లా చెరువుకు 1903లో స్వయంచాలకమైన తలుపులు పెట్టించిరి. నీరు హద్దు దాటినంతనే అవి తామై తెరచుకొనును, తగ్గగనే మూసికొనును. కట్టను ఎత్తు చేయకయే అధికజలము నిలిచెను. ఆ తలుపులకు పేటెంటు పొందియు, ఉద్యోగధర్మముగ చేసిన పనికి ప్రతిఫలమేల యని దానిని నిరాకరించిరి.

1908లో మూసీ వరదలు హైదరాబాదును ముంచిన పిమ్మట, ఆ నగర రక్షణకు జలాశయములను సూచించినవారును వారే. 1911లో ఆరంభమైన కృష్ణరాజసాగరము వారి కీర్తిస్తంభము. దాని క్రింది మండ్య కాలువ ఆయకట్టులోను నాటి బ్లాకు పద్ధతియే అక్కరకు వచ్చెను. 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగ నుండిరి. 1955లో భారతరత్న బిరుదము నంది, నూరేండ్లు నిండిన పిదప 1962లో పరమపదించిరి.

ఆనకట్ట నీటిని నిలుపును. నిలిచిన నీటిని పదిమందికి చేర్చునది న్యాయమైన పంపకము. మీది మడివాడు మడవ మూసినగాని క్రింది మడి తడవదని ప్రతి రైతుకు తెలిసినదే. ఆ యెరుకను ఒక నదీసీమకంతకు కట్టుబాటుగ మార్చుటయే ఆ మహనీయుని ఘనత.