ఉచితంగా పొందిన విద్య – ఫ్రాంజ్ లిస్ట్



ఆదివారం పూజలో కీబోర్డు వాయించే అబ్బాయినో అమ్మాయినో మీ విచారణలో చూస్తూనే ఉంటారు. ఆ వాద్యానికి తాత పియానో. సుమారు 1700లో ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో బార్తొలొమెయో క్రిస్తోఫొరి అనే పనివాడు దాన్ని తయారు చేశాడు. అంతకు ముందున్న హార్ప్సికార్డు తీగను మీటేది. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా దాదాపు ఒకటే శబ్దం. పియానోలో చిన్న సుత్తి తీగను కొడుతుంది. అందుచేత వేలి బలాన్ని బట్టి స్వరం పలుకుతుంది. ఈ వాద్యంతో లోకాన్ని ఆశ్చర్యపరచిన ఫ్రాంజ్ లిస్ట్ జీవితాన్ని ఈ వారం మీ ముందుంచుతున్నాను.

లిస్ట్ 1811 అక్టోబరు 22న రైడింగ్ అనే పల్లెలో పుట్టాడు. అది అప్పుడు హంగేరీలోనిది, ఇప్పుడు ఆస్ట్రియాలో ఉంది. తండ్రి ఆదాము ఎస్తెర్‌హాజీ ప్రభువుల ఎస్టేటులో ఉద్యోగి. యౌవనంలో కొంతకాలం ఫ్రాన్సిస్కను సభ మఠంలో ఉండి బయటికి వచ్చినవాడు, సంగీతం తెలిసినవాడు. తొమ్మిదేళ్ల కొడుకు కచేరీ విని కొందరు హంగేరీ ప్రభువులు ఆరేళ్లపాటు చదువుకు సాయం చేస్తామన్నారు. తండ్రి ఉన్న ఉద్యోగం వదులుకుని కుటుంబాన్ని వియన్నాకు తీసుకువెళ్లాడు. పిల్లవాని చదువు కోసం ఊరు వదిలిన తల్లిదండ్రులకు ఆ దిగులు ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

వియన్నాలో కార్ల్ చెర్నీ అనే గురువు దొరికాడు. ఈయన చిన్నతనంలో బీతోవెన్ వద్ద నేర్చుకున్నవాడు. మొదటిసారి విన్నప్పుడు చెర్నీకి రెండు సంగతులు తోచాయి: ఈ పసివానిలో దేవుడిచ్చిన వరం ఉంది, కానీ వేళ్లకు క్రమం లేదు, తాళం నిలవదు, కూర్చోవడం కూడా రాదు. అందుకని పెద్ద పెద్ద కృతులు పక్కన పెట్టించి, సరళీస్వరాల వంటి అభ్యాసాలు నెలల తరబడి చేయించాడు. బాలునికి ఇది రుచించలేదు. తత్వశాస్త్రం చదువుకునే రోజుల్లో అరిస్టాటిల్ చెప్పిన మాట మాకు బోధించేవారు: వీణె వంటి వాద్యం వాయిస్తూ వాయిస్తూనే మనిషి వాద్యకారుడవుతాడు, మంచి గుణాలూ అలాగే అబ్బుతాయి అని. వరం ఉన్నవానికి అభ్యాసం అక్కరలేదనుకునే తల్లిదండ్రులు చెర్నీని తలచుకోవడం మంచిది. పన్నెండు పాఠాలయ్యాక తండ్రి రుసుము ఇవ్వబోతే చెర్నీ పుచ్చుకోలేదు. ఆ తరువాత కూడా దాదాపు ప్రతి సాయంత్రం ఉచితంగానే నేర్పాడు.

1823లో పారిస్ సంగీత కళాశాల, విదేశీయుడన్న కారణంతో లిస్ట్‌ను చేర్చుకోలేదు. కాదన్న అధికారి కెరుబీని స్వయంగా ఇటలీవాడు కావడం విచిత్రం! 1827లో తండ్రి చనిపోయాడు. పదహారేళ్లవాడు ఇంటింటికీ తిరిగి పియానో నేర్పుతూ తల్లిని పోషించాడు. ఒక ప్రభువు కుమార్తెకు పాఠాలు చెబుతూ ఆమెను ప్రేమించాడు. ఆ తండ్రి ఇంటికి రావద్దన్నాడు. లిస్ట్ ఎంత కుంగిపోయాడంటే, 1828లో ఒక పత్రిక అతడు చనిపోయాడని వార్త వేసింది. గురువు కావాలని సెమినరీలో చేరబోతే తల్లి, పాపసంకీర్తన గురువు వద్దని ఆపారు.

1832లో వయొలిన్ విద్వాంసుడు పగనీని కచేరీ విని లిస్ట్ మళ్లీ చిన్న విద్యార్థిలా అభ్యాసానికి కూర్చున్నాడు. రోజుకు నాలుగైదు గంటలు వేళ్ల సాధన. తరువాత ఐరోపా అంతా తిరిగాడు. వేరే కళాకారులెవరూ లేకుండా ఒక్కడే పియానో వాయించే కచేరీని అలవాటు చేసినవాడు ఈయనే. 1838లో డాన్యూబు వరద పెష్ట్ నగరాన్ని ముంచినప్పుడు వియన్నాలో వరుసగా వాయించి బాధితులకు డబ్బు పంపాడు. ఆ కాలంలోనే మరీ ద'అగు అనే వివాహితతో కలిసి జీవించి ముగ్గురు బిడ్డలకు తండ్రయ్యాడు. ఇది దాచవలసిన పని లేదు. ఆయన పునీతుడని నేను చెప్పడం లేదు.

1847లో, ముప్పై ఐదేళ్లకే, కీర్తి శిఖరాన ఉండగా, డబ్బు కోసం కచేరీ చేయడం మానివేశాడు. జర్మనీలోని వైమార్ నగరంలో వాద్యబృందాన్ని నడిపిస్తూ సంగీత రచనకు కూర్చున్నాడు. పద్నాలుగేళ్ల వయసులో రాసిన అభ్యాసాలను రెండుసార్లు తిరగరాసి, 1852లో అచ్చువేసి, చెర్నీకే అంకితమిచ్చాడు. ముప్పై ఏళ్లు గడిచినా ఆ సాయంత్రాలను మరువలేదన్నమాట.

తరువాత దుఃఖం మీద దుఃఖం. 1859లో కొడుకు డానియేలు, 1862లో పెద్ద కుమార్తె బ్లాండీన్ మరణించారు. 1863లో రోము శివార్లలోని జపమాల మాత మఠంలో ఒక గది తీసుకుని ఉన్నాడు. తొమ్మిదవ పయస్ పోపుగారు అక్కడికే వచ్చి ఆయన వాద్యం విన్నారు. 1865లో ఆయన చిన్న పట్టాలు పుచ్చుకున్నాడు: ద్వారపాలకుడు, పఠకుడు, భూతోచ్చాటకుడు, పీఠ సేవకుడు. 1972లో ఆరవ పౌలు పోపుగారు ఆ పద్ధతిని మార్చారు కనుక నేటి యువతకు ఈ పేర్లు కొత్తగా ఉండవచ్చు. లిస్ట్ పూజ చేసే గురువు కాలేదు. కానీ చివరి వరకు నల్లని అంగీ ధరించాడు. దివ్యపూజకు, సిలువ మార్గానికి సంగీతం కూర్చాడు.

ఏటా కొంతకాలం రోములో, కొంతకాలం వైమార్‌లో, కొంతకాలం బుడాపెస్ట్‌లో గడిపేవాడు. వైమార్‌లో వేసవి మధ్యాహ్నాలు ఇంటి తలుపులు తెరిచి ఉండేవి. దేశదేశాల యువతీ యువకులు స్వరపత్రాలు తెచ్చి పెడితే, వాటిలో ఒకటి తీసి వాయించమనేవాడు. వేళ్లు సరిగా కదలనివారిని మాత్రం ఆ పని ఇంట్లో చేసుకురమ్మని పంపేవాడు. ఎవరి వద్దా రుసుము తీసుకోలేదు. 1886 జూలై 31న బైరూయిట్ పట్టణంలో కన్నుమూశాడు.

ఆ చివరి శిష్యులలో అలెగ్జాండర్ సిలోటి అనే రష్యా యువకుడు ఉన్నాడు. అతడు మాస్కోకు తిరిగివెళ్లి, సంగీత కళాశాలలో తన బంధువైన ఒక కుర్రవానికి పియానో నేర్పాడు. ఆ కుర్రవాని పేరు సెర్గెయ్ రహ్మానినోవ్.