రాయిలో ప్రాణం చూసిన విలియం బర్చెల్

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి వ్రాయమని సంపాదకులు కోరారు. మన నాయకులను, కవులను గురించి వ్రాయగల మిత్రులు సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఒక వృక్షశాస్త్రజ్ఞుని ఎంచుకున్నాను. ఆఫ్రికాలోని బర్చెల్ జీబ్రాకు ఆ పేరు ఈయన వల్లనే వచ్చింది. నాకు మాత్రం ఈయన పరిచయమైంది నేను కుండీలో పెంచుతున్న లిథాప్స్ అనే రాతిమొక్కల ద్వారా.

విలియం జాన్ బర్చెల్ 1781 జులై 23న లండన్ సమీపంలోని ఫుల్‌హామ్‌లో జన్మించారు. తండ్రి మొక్కల నర్సరీ నడిపేవారు. 1805లో సెయింట్ హెలీనా దీవికి వెళ్ళి కొంతకాలం వ్యాపారం, తర్వాత బడిపంతులు పని, ఈస్టిండియా కంపెనీవారి కొలువు చేశారు. పెళ్ళి నిశ్చయమైన అమ్మాయి ఇంగ్లండు నుంచి ఓడలో వస్తూ, దారిలో ఆ ఓడ కెప్టెన్‌నే వరించింది. బర్చెల్ జీవితాంతం బ్రహ్మచారిగానే ఉండిపోయారు. 1810లో కొలువు వదులుకొని కేప్‌టౌన్ చేరారు.

1811 జూన్‌లో, తానే రూపకల్పన చేసుకున్న ఎడ్లబండిలో దక్షిణాఫ్రికా లోపలి ప్రాంతాలకు బయలుదేరారు. బండిలో పుస్తకాలు, చిత్రలేఖన సామగ్రి, ఒక వేణువు. వెంట జీతానికి కుదుర్చుకున్న స్థానిక ఖోయ్ మనుషులు. నాలుగేళ్ళలో దాదాపు 7,000 కిలోమీటర్లు తిరిగి, 50,000కు పైగా నమూనాలు సేకరించారు. మొక్కలకు నంబరు వేసి, దొరికిన చోటు, తేదీ రిజిస్టరులో ఎక్కించేవారు. రిజిస్టర్ల మధ్యనే సర్వీసంతా గడిపిన నాబోటి గుమాస్తాకు ఆయన మీద గౌరవం కలగడానికి ఇదొక్కటి చాలు.

ఆ సంవత్సరం సెప్టెంబరులో, ప్రీస్కా అనే చోటికి దగ్గరలో, గులకరాళ్ళ నేల మీద వింతగా కనిపించిన ఒక రాయిని ఆయన చేతిలోకి తీసుకున్నారు. చూస్తే అది రాయి కాదు, ప్రాణమున్న మొక్క! అదే తావున రాళ్ళలో కలిసిపోయే రంగు గల ఒక మిడతను కూడా గమనించారు. మేసే జంతువుల కంటబడకుండా ఉండేందుకే ప్రకృతి ఈ వేషం ఇచ్చిందని 1822లో వెలువడిన తన యాత్రాగ్రంథంలో వ్రాశారు. డార్విన్ ప్రసిద్ధ గ్రంథం రావడానికి అది 37 ఏళ్ళ ముందు. ఈ మొక్కల ప్రజాతికి లిథాప్స్ అని పేరు పెట్టింది 1922లో ఎన్.ఇ. బ్రౌన్. గ్రీకు భాషలో రాతిముఖం అని అర్థం.

పెంచదలచిన వారికి నాలుగు మాటలు. మట్టి తక్కువగా, ముతక ఇసుక, సన్న గులక ఎక్కువగా కలిపి, అడుగున రంధ్రమున్న కుండీలో నాటాలి. వెలుతురు బాగా ఉండాలి, వాన తగలకూడదు. ఈ మొక్కకు ఉండేది ఒక్క జత ఆకులే. ఏటా పూత అయిన తర్వాత లోపల కొత్త జత పుడుతుంది. పాత ఆకులు తమలోని నీటినంతా దానికి ధారపోసి, కాగితంలా ఎండిపోతాయి. అవి పూర్తిగా ఎండేవరకు నీరు పోయరాదు. జాలిపడి పోస్తే మొక్క కుళ్ళుతుంది. ఓపిక పడితే మూడు నాలుగేళ్ళకు ఆ చీలికలో నుంచి పసుపు రంగుదో, తెల్లదో పువ్వు వస్తుంది.

బర్చెల్ 1815లో కేప్‌టౌన్ తిరిగి వచ్చి, అటుపై స్వదేశం చేరారు. తెల్ల ఖడ్గమృగాన్ని శాస్త్రలోకానికి 1817లో పరిచయం చేసింది ఆయనే. అయితే తాను ఇచ్చిన జంతు చర్మాలను బ్రిటిష్ మ్యూజియం వారు సరిగా భద్రపరచలేదని ఆయన మనసు నొచ్చుకుంది. 1825 నుంచి 1830 వరకు బ్రెజిల్‌లో తిరిగి అపారమైన సేకరణతో వచ్చారు. 1834లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

ఆ తర్వాతి మూడు దశాబ్దాలు విచారకరమైనవి. ఆయన ఇంట్లో కూర్చుని, ఎవరికీ సులభంగా అప్పగించక, ఒంటరిగా నమూనాలు సర్దుకుంటూ గడిపారు. యాత్రాగ్రంథం రెండు సంపుటాలతో ఆగిపోయింది. బ్రెజిల్ యాత్ర పుస్తకంగా రానేలేదు. 1863 మార్చి 23న, 81వ ఏట, ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. ఆ పిమ్మట సోదరి ఆనా మొక్కలను క్యూ ఉద్యానానికి, కీటకాలను ఆక్స్‌ఫర్డ్‌కు అప్పగించారు. అందువల్లనే అవి పండితులకు అందాయి.

ఆ చిన్న మొక్క ఏటా చేసే పనిని, దాన్ని లోకానికి చూపినాయన చేయలేకపోయారు. పెన్షనరు మిత్రులకు నా మనవి ఒక్కటే. మనకు తెలిసినది కొంచెమైనా సరే, పిల్లలకు చెబుదాం, వ్రాసి ఇద్దాం. నెలకొకసారి సంఘం సమావేశానికి తప్పక వద్దాం. రాని మిత్రుని ఇంటికి మనమే వెళ్ళి పలకరిద్దాం.