రాజు ఎదుట నిలిచిన జిరోనా రబ్బీ

స్పెయిన్ దేశపు ఈశాన్య మూలన, కేటలోనియాలో, ఒన్యార్ నది ఒడ్డున జిరోనా అనే పాత పట్టణం ఉంది. నది దాటి పాతపేటలోకి వెళ్తే కరేర్ ద ల ఫోర్సా అనే ఇరుకైన రాతి వీధి వస్తుంది. ఒకప్పుడు రోమీయులు వేసిన రహదారి మీదే ఆ వీధి సాగుతుంది. దాని పైన, పొడవైన మెట్ల వరుస చివర, కతీడ్రల్ నిలబడి ఉంది. ఆ కతీడ్రల్ మధ్యశాల వెడల్పు దాదాపు 23 మీటర్లు. గోతిక్ పద్ధతిలో కట్టిన దేవాలయాల్లో అంత వెడల్పైన మధ్యశాల ప్రపంచంలో మరెక్కడా లేదు.

ఆ మెట్లకు కూతవేటు దూరంలోనే కాల్ అనే యూదుల పేట ఉంది. తొమ్మిదవ శతాబ్దం చివరి నుండి 1492 వరకు, ఆరు వందల సంవత్సరాలు, యూదులు ఈ పట్టణంలో కాపురమున్నారు. కొన్ని పాత గుమ్మాల దగ్గర ద్వారబంధపు రాతిలో ఒక గాడి ఇప్పటికీ కనిపిస్తుంది. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయంలోని ఆజ్ఞ చొప్పున, వాక్యం రాసిన చిన్న చుట్టను వారు ఉంచిన చోటు అది. ఆ ఆజ్ఞను మనమూ చదువుతాం. వాళ్లు దాన్ని గుమ్మంలో చెక్కుకున్నారు.

దేవాలయం, సమాజమందిరం ఇంత దగ్గరగా ఉన్న చోట ఆ ఇరుగుపొరుగు ఎలా సాగింది? ఈ ప్రశ్నకు జవాబు ఒక మనిషి జీవితంలో దొరుకుతుంది. ఆయన మన విశ్వాసం ఒప్పుకున్నవాడు కాదు. అయినా ఆయన కథ సంఘం తెలుసుకోవలసిన కథ అని మేము నమ్ముతున్నాం.

మోషే బెన్ నహ్మాన్ 1194లో ఈ జిరోనాలోనే జన్మించారు. బెన్ నహ్మాన్ అంటే నహ్మాను కుమారుడు. స్థానికుల భాషలో ఆయన పేరు బొనాస్త్రుక్ స పోర్తా. పాశ్చాత్య పండితులు నహ్మానిడీస్ అంటారు. యూదులు ఆయన బిరుదు, పేరులలోని మొదటి అక్షరాలు కలిపి రంబాన్ అని ప్రేమగా పిలుస్తారు. ఆయన వైద్యుడు, రబ్బీ, ధర్మశాస్త్ర పండితుడు. చిన్న వయసులోనే గ్రంథాలు రాసి పేరు తెచ్చుకున్నారు. కేటలోనియా యూదులందరూ సందేహం వస్తే ఆయన వైపే చూసేవారు.

1232 ప్రాంతంలో యూదుల మధ్యనే పెద్ద కలహం లేచింది. అంతకు ముందు తరంలో జీవించిన మైమోనిడీస్ అనే మహాపండితుడు గ్రీకు తత్వశాస్త్రాన్ని లేఖనాలతో జోడించి రాసిన గ్రంథాల గురించి ఆ గొడవ. దక్షిణ ఫ్రాన్సులో కొందరు రబ్బీలు ఆ పుస్తకాలు చదివినవారిని వెలివేస్తామన్నారు. అవతలి పక్షం వారు వీరినే వెలివేశారు. నహ్మానిడీస్ చాలా విషయాల్లో మైమోనిడీస్‌తో ఏకీభవించరు. అయినా ఆయన ఇరుపక్షాలకూ ఉత్తరాలు రాశారు. ఆ పండితుని గౌరవం కాపాడుతూనే, లేత మనసులకు ఏది ఎప్పుడు నేర్పాలో ఆలోచించమన్నారు. ఆయన మాట అప్పుడు ఎవరూ పూర్తిగా వినలేదు. కలహం నడుమ సమాధానం కోసం మాట్లాడేవాడు ఇద్దరికీ పరాయివాడవుతాడని మన సంఘాల్లో పెద్దలకు తెలియనిది కాదు.

ఆయనకు దాదాపు డెబ్బై ఏళ్లు వచ్చాక అసలు పరీక్ష ఎదురైంది. 1263 జూలైలో అరగాన్ రాజైన మొదటి జేమ్స్ ఆయనను బార్సిలోనాకు పిలిపించాడు. డొమినికన్ సన్యాసుల సమాజానికి చెందిన పాబ్లో క్రిస్తియాని అనే ప్రసంగికునితో బహిరంగ వాదం జరపాలని ఆజ్ఞ. పాబ్లో పుట్టుకతో యూదుడు, తర్వాత క్రైస్తవుడయ్యాడు. యూదుల తాల్ముదు గ్రంథాల్లోనుండే మెస్సీయ వచ్చేశాడని రుజువు చేస్తానన్నాడు. ధర్మశాస్త్రం మీద యూదా బోధకులు తరతరాలుగా చేసిన చర్చల సంకలనమే తాల్ముదు. వాదాన్ని ఏర్పాటు చేసినవారిలో ప్రముఖ పండితుడు రేమండ్ పెన్యఫోర్ట్ ఉన్నాడు. రాజు, బిషప్పులు, సన్యాసులు, ప్రభువులు ఒకవైపు. ఈ ముసలి రబ్బీ ఒకవైపు. క్రైస్తవ విశ్వాసం మీద ప్రశ్నలు వేసే అవకాశం ఆయనకు లేదు. అడిగినదానికి జవాబు చెప్పాలి, అంతే.

ఆయన ఒక్కటే కోరారు. మనసులో ఉన్నది దాచకుండా మాట్లాడే స్వేచ్ఛ. రాజు ఇచ్చాడు.

నాలుగు రోజులు వాదం జరిగింది. పాబ్లో తాల్ముదులోని కథల నుండి ఆధారాలు చూపించినప్పుడు, ఆ కథలు మీ బిషప్పు చేసే ప్రసంగాల వంటివని నహ్మానిడీస్ వివరించారు. విన్నవాడు ఒకడు నచ్చి రాసిపెట్టుకుంటాడు, నచ్చితే నమ్మవచ్చు, నమ్మకపోయినా తప్పు లేదు, ధర్మశాస్త్రంలా అవి అందరినీ కట్టిపడేసేవి కావన్నారు. ఆ తర్వాత ఆయన యెషయా గ్రంథం రెండవ అధ్యాయాన్ని ఎత్తుకున్నారు. మెస్సీయ కాలంలో జనములు కత్తులను వ్యవసాయపు పనిముట్లుగా మార్చుకుంటారని, యుద్ధం నేర్చుకోవడం మానేస్తారని ప్రవక్త చెప్పాడు కదా, మరి ఇప్పటివరకూ లోకం దౌర్జన్యంతోనే నిండి ఉంది కదా అని అడిగారు. యుద్ధాలు మానేస్తే రాజుకూ ఆయన సైనికులకూ ఎంత కష్టమవుతుందో కూడా రాజు ముఖం మీదే అన్నారు. ఆ రాజు యుద్ధాలు చేసి రాజ్యాన్ని విస్తరించినవాడు.

మధ్యలో బార్సిలోనా యూదులే భయపడి, ఇక చాలు, మానేయమని ఆయనను బతిమాలారు. కొందరు క్రైస్తవులు కూడా అదే సలహా ఇచ్చారు. వాదం కొనసాగాలన్నది రాజే. చివరికి ఇరుపక్షాలూ తామే గెలిచామని రాసుకున్నాయి. క్రైస్తవుల లాటిన్ నివేదిక ఆయన జవాబు చెప్పలేకపోయాడంటుంది. ఆయన రాసిన వృత్తాంతం ప్రకారం, సరికాని పక్షాన్ని ఇంత చక్కగా వాదించినవాణ్ణి తాను చూడలేదని రాజు మెచ్చుకున్నాడు, 300 నాణేలు బహుమతిగా ఇచ్చాడు. ఆ తర్వాత విశ్రాంతి దినాన రాజు స్వయంగా సమాజమందిరానికి వచ్చి, యేసే మెస్సీయ అని ప్రసంగించాడట. నహ్మానిడీస్ లేచి, మర్యాద తప్పకుండా, రాజుకూ జవాబిచ్చారు.

కథ ఇక్కడ ఆగిపోతే బాగుండేది. ఆ ఆగస్టులోనే, పాబ్లో ప్రసంగాలను యూదులు తప్పనిసరిగా వినాలని రాజాజ్ఞ వెలువడింది. ఇష్టం లేనివారిని కూర్చోబెట్టి సువార్త వినిపించారు. జిరోనా బిషప్పు కోరగా నహ్మానిడీస్ వాదం వృత్తాంతాన్ని పుస్తకంగా రాసి ఇచ్చారు. 1265లో ఆ పుస్తకమే ఆధారంగా, ఆయన దైవదూషణ చేశాడని డొమినికన్లు రాజు దగ్గర ఫిర్యాదు చేశారు. స్వేచ్ఛగా మాట్లాడమని రాజే అనుమతించాడని ఆయన బదులు చెప్పుకున్నారు. రెండేళ్ల దేశబహిష్కారం, పుస్తకం కాల్చివేత అని రాజు ఒక శిక్ష ప్రతిపాదించాడు. ఫిర్యాదుదారులకు అది చాలలేదు, ఒప్పుకోలేదు. వ్యవహారం పోపు నాలుగవ క్లెమెంట్ దాకా వెళ్లింది. ఆయన ఈ రబ్బీని శిక్షించమని రాజుకు లేఖ రాశాడు.

డెబ్బై దాటిన వయసులో నహ్మానిడీస్ పుట్టిన పట్టణాన్ని, కుటుంబాన్ని, శిష్యులను విడిచి ఓడ ఎక్కారు. అక్కో రేవులో దిగారు. అపొస్తలుడైన పౌలు ఒక దినం సహోదరులతో గడిపిన తొలెమాయి అదే. అక్కడినుండి 1267 సెప్టెంబరు 1న యెరూషలేము చేరారు.

అప్పటికి ఏడేళ్ల ముందు మంగోలు సైన్యాలు ఆ ప్రాంతం మీద పడ్డాయి. పట్టణం పాడుబడి ఉంది. జనం సుమారు రెండు వేలమంది, వారిలో క్రైస్తవులు మూడు వందలు అని ఆయన కుమారునికి రాసిన ఉత్తరంలో లెక్క చెప్పారు. యూదులు ఇద్దరే దొరికారు. బట్టలకు రంగులు అద్దే అన్నదమ్ములు వాళ్లు. విశ్రాంతి దినాన వాళ్ల ఇంట్లో ప్రార్థనకు చేరేవారు పదిమంది వరకు. ఆయన దుఃఖపడ్డారు గాని కూర్చుండిపోలేదు. పాలరాతి స్తంభాలు, అందమైన గుమ్మటం ఉన్న ఒక పాడుబడిన ఇల్లు చూసి దాన్ని సమాజమందిరంగా బాగుచేయించారు. దాడికి భయపడి షెకెముకు తరలించిన ధర్మశాస్త్ర గ్రంథపు చుట్టలను వెనక్కి తెప్పించారు.

స్పెయిన్‌లో మొదలుపెట్టిన పంచకాండముల వ్యాఖ్యానాన్ని ఆ దేశంలోనే ముగించారు. రాహేలు సమాధి ఎక్కడ ఉందో పూర్వం దూరంనుండి ఊహించి రాసింది, స్వయంగా చూశాక దిద్దుకున్నారు. అక్కోలో ఒక పాత వెండి షెకెలు చేతికి దొరికితే, దాని తూకం చూసి, ఆ విషయంలో తాను కాదన్న పూర్వ వ్యాఖ్యాత మాటే సరైనదని ఒప్పుకుని రాశారు. రాజు ఎదుట వెనక్కి తగ్గని మనిషి ఒక నాణెం ఎదుట తలవంచారు. సత్యం కోసం నిలబడటమంటే అదే అని మాకు తోస్తుంది.

స్వదేశంలో ఉన్న కుమారుడు నహ్మానుకు ఆయన రాసిన మరో ఉత్తరాన్ని యూదులు ఈనాటికీ చదువుకుంటారు. అందరితోనూ అన్నివేళలా మెల్లగా మాట్లాడమని, కోపాన్ని దూరం పెట్టమని, ఎదుటివాణ్ణి తనకంటే గొప్పవాడిగా ఎంచమని అందులో బోధించారు. ఆ ఉత్తరాన్ని వారానికొకసారి చదవమని కోరారు. తనను ఊరు విడిచిపోయేలా చేసినవారి మీద పగ పెంచుకోమని కుమారునికి నేర్పలేదు.

1270లో ఆయన ఆ దేశంలోనే కన్నుమూశారు. సమాధి ఎక్కడో నిశ్చయంగా తెలియదు. 1972లో అక్కో సమీపంలో దొరికిన ఒక చిన్న ముద్ర మీద మాత్రం ఆయన పేరూ, జిరోనావాడనే మాటా ఉన్నాయి. చివరివరకూ ఆయన తన ఊరి పేరు విడువలేదు.

ఆ ఊరు ఆయన ప్రజలను ఎలా చూసింది? 1278లో, కతీడ్రల్ గంటల గోపురం మీదనుండి మతగురువులే యూదుల పేట మీదికి రాళ్లు విసురుతున్నారని రాజు జిరోనా బిషప్పును మందలించవలసి వచ్చింది. 1391లో అల్లరిమూకలు కాల్ మీద పడ్డాయి. బతికినవారిని నెలల తరబడి ఒక బురుజులో ఉంచారు. 1492లో మిగిలినవారందరినీ దేశంనుండి వెళ్లగొట్టారు. ఖాళీ అయిన సందులు కొన్ని మూతబడి, శతాబ్దాలపాటు కనిపించకుండా పోయాయి. ఈ మధ్యకాలంలోనే వాటిని తెరిచారు. అక్కడ ఇప్పుడు యూదుల చరిత్ర మ్యూజియం ఉంది. పాత శ్మశానపు సమాధి రాళ్లు అందులో ఉన్నాయి. బహిష్కారం చూసిన ఆ రబ్బీ పేరు అక్కడి అధ్యయన కేంద్రానికి పెట్టారు.

ప్రియ పాఠకులారా, మెస్సీయ వచ్చాడని మనం నమ్ముతున్నాం. ఆ విషయంలో మనకు సందేహం లేదు. యెషయా చెప్పిన సమాధానం ఆయన రెండవ రాకడలో సంపూర్ణమవుతుందనీ నమ్ముతున్నాం. అయితే దాని ప్రథమ ఫలం ఇప్పుడే ఎక్కడో ఒకచోట కనిపించాలి కదా? సంఘంలోనే కనిపించాలి. నహ్మానిడీస్ ప్రశ్నకు ఆ రోజు వేదిక మీద ఎవరు ఏ వచనం చూపించారన్నది అంత ముఖ్యం కాదు. ఆ తర్వాత సంఘం చేతల్లో చూపించిన జవాబే ఆయన వాదానికి బలమైన ఆధారమైంది. రాజాజ్ఞతో వినిపించిన ప్రసంగం, నిప్పుకు అప్పగించాలనుకున్న పుస్తకం, గోపురం మీదనుండి పడిన రాళ్లు, ఇవన్నీ ఆయన వైపే సాక్ష్యం చెప్పాయి. కొమ్మలమీద అతిశయపడవద్దని పౌలు రోమా సంఘాన్ని హెచ్చరించిన మాట అక్కడ ఎవరికీ గుర్తు రాలేదు.

మన తెలుగు సంఘాలు చాలా ఊళ్లలో చిన్న గుంపులు. పదిమందిలో మన విశ్వాసాన్ని ప్రశ్నించినప్పుడు ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఆ మాటకొస్తే మన పరిస్థితి పాబ్లో కంటే నహ్మానిడీస్‌కే దగ్గర. అయినా మన ఫోన్లలో తిరిగే వాదనల వీడియోలు చూడండి. అవతలివాడి నోరు మూయించామని చప్పట్లు కొట్టడం మనమూ నేర్చుకుంటున్నాం. మనలోని నిరీక్షణకు హేతువు అడిగితే సాత్వికముతోను భయముతోను జవాబు చెప్పమని పేతురు రాశాడు. అదే ఊళ్లో, అదే వీధిలో మనల్ని చూస్తున్న పొరుగువాడు ఉన్నాడు. కత్తులు నిజంగా నాగళ్లవుతున్నాయా అని అతడు వెతికేది మన ఇళ్లలో, మన సంఘ కలహాల్లో, అతని గురించి మనం మాట్లాడే మాటల్లో. అతనికి మనం ఇవ్వవలసిన మొదటి జవాబు అక్కడే ఉంది.