ఆమ్లెట్ వేస్తూనే ప్రార్థన.. ఎవరీ బ్రదర్ లారెన్స్?

నేటి ఫ్రాన్స్‌లోని లొరైన్ ప్రాంతంలో పుట్టిన నికోలస్ హెర్మన్ మొదట సైనికుడు. యుద్ధంలో గాయపడి సైన్యం వదిలేశారు. 1640లో పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో చేరి బ్రదర్ లారెన్స్ అయ్యారు. అక్కడ ఆయనకు అప్పగించింది వంటపని. అదంటే ఆయనకు అస్సలు పడదు!

అయినా ఏళ్ల తరబడి అదే చేశారు. పని మొదలుపెట్టే ముందు దేవుడి సాయం అడగడం, మధ్యలో మనసులోనే ఆయనతో మాట్లాడటం, అయ్యాక కృతజ్ఞత చెప్పుకోవడం.. ఇదే ఆయన ప్రార్థన. పెనం మీద ఆమ్లెట్ తిరగేసినా దేవుడి మీద ప్రేమతోనే.

ఇది తేలిగ్గా అబ్బలేదు. తనకు రక్షణ లేదేమోనన్న భయం కొన్నేళ్లు వెంటాడింది. దాన్ని దాటాక వంటగది హడావుడైనా, మోకాళ్ల ప్రార్థనైనా ఆయనకు ఒక్కటే అయిపోయింది.

1691లో కన్నుమూశారు. ఆ తర్వాతే ఆయన ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి.