వ్యూహగణితవేత్త వాన్ న్యూమన్

ఆట యనగానే అది పిల్లల కాలక్షేపమని పెద్దలు తలంతురు. కాని చదరంగపు బల్ల ముందు కూర్చున్నవాడును, సంతలో బేరమాడువాడును, సేనను నడపు సేనానియు ఒక విషయమున సమానులే. వారిలో ప్రతివాడును తాను చేయబోవు పనితోపాటు ఎదుటివాడు చేయబోవు పనిని గూడ ఊహింపవలసియుండును. ఎదుటివాడును అట్లే యోచించుచుండును. ఇట్టి చిక్కులో మేలైన మార్గమును నిర్ణయించుటకు గణితము తోడ్పడునని నిరూపించిన మేధావి జాన్ వాన్ న్యూమన్.

ఆయన 1903 డిసెంబరు 28వ తేదీన హంగరీ దేశపు రాజధానియగు బుడాపెస్టు నగరమున ఒక సంపన్న యూదు కుటుంబమున జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు యానోష్. తండ్రి బ్యాంకు వ్యవహారములలో ఆరితేరినవాడు. ఇంటిలో మంచి గ్రంథాలయముండెను. ముగ్గురన్నదమ్ములలో పెద్దవాడైన యానోష్ అందలి చరిత్ర సంపుటములను వరుసగా చదివి జ్ఞాపకముంచుకొనెను. కాగితముతో పనిలేకుండ పెద్ద పెద్ద సంఖ్యలను మనస్సులోనే భాగించి చెప్పి చుట్టములను ఆశ్చర్యపరచెడివాడు. 1913లో తండ్రికి ప్రభుబిరుదము లభించెను. జర్మను భాషలో ఆ గౌరవమును తెలుపు ‘వాన్’ అను మాట తరువాత ఆయన పేరులో చేరినది.

పదియేండ్ల ప్రాయమున యానోష్ లూథరన్ ఉన్నత పాఠశాలలో చేరెను. అచ్చట గణితము బోధించు లాస్లో రాట్స్ అను ఉపాధ్యాయుడు ఆ బాలుని ప్రజ్ఞను కనిపెట్టెను. తరగతిలో చెప్పు పాఠము ఇతనికి చాలదని గ్రహించి, తండ్రిని కలిసికొని, విశ్వవిద్యాలయ గణితజ్ఞులచేత ప్రత్యేకముగా చదువు చెప్పించుడని సలహా యిచ్చెను. తనకంటె గొప్పవాడు కాగల శిష్యుని చూచి సంతోషించుట ఉత్తమ గురువుల లక్షణము. ఆ సలహా ఫలించెను. పదునెనిమిదేండ్లు నిండకముందే యానోష్ మరియొక గణితజ్ఞునితో కలిసి ఒక పరిశోధన వ్యాసమును రచించెను.

ఇంతలో దేశమున కల్లోలము చెలరేగెను. 1919లో హంగరీలో బేలా కున్ నాయకత్వమున కమ్యూనిస్టు ప్రభుత్వ మేర్పడెను. బ్యాంకు అధికారులకు ఆ దినములు క్షేమకరములు కావు. న్యూమన్ కుటుంబము ఆస్ట్రియాకు తరలిపోయెను. కొలది నెలలలోనే ఆ ప్రభుత్వము పడిపోగా వారు తిరిగివచ్చిరి. కాని అటుపిమ్మట యూదులపై ద్వేషము ప్రబలెను. పదునైదేండ్ల బాలుని మనస్సున ఈ సంఘటనలు నాటుకొనెను. ప్రపంచమున భద్రత యనునది సులభముగా దొరకునది కాదని ఆయన జీవితాంతము నమ్మెను.

గణితమువలన జీవనోపాధి కలుగదని తండ్రి భయపడెను. కుమారుడు తండ్రి మాట త్రోసివేయలేదు. తన కోరికను విడువను లేదు. స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరమున రసాయన ఇంజనీరింగు చదువుచునే బుడాపెస్టు విశ్వవిద్యాలయమున గణితమున పరిశోధన సాగించెను. 1926లో రెండు పట్టములును ఆయన చేతికి వచ్చెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిరెండేండ్లు.

ఆ సంవత్సరమే ఆయన జర్మనీలోని గొట్టింగెన్ విశ్వవిద్యాలయమునకు వెళ్లి, సుప్రసిద్ధ గణితజ్ఞుడగు హిల్బర్టు సన్నిధిని పనిచేసెను. 1926 డిసెంబరులో అచ్చటి గణిత పండితుల సభలో ఒక విచిత్రమైన విషయమును గూర్చి ప్రసంగించెను. ఆ విషయము వినోదక్రీడలు. 1928లో ఆ వ్యాసము అచ్చుపడెను. క్రీడాసిద్ధాంతమునకు అదియే పునాది.

ఆ సిద్ధాంతమును గ్రహించుటకు చిన్న ఉదాహరణము చాలును. ఇద్దరన్నదమ్ములు ఒక మామిడిపండును పంచుకొనవలసివచ్చినదనుకొనుడు. అన్న కోయవలెను, తమ్ముడు తనకు నచ్చిన ముక్కను ముందుగా తీసికొనవలెను. తమ్ముడు పెద్ద ముక్కనే తీసికొనునని అన్నకు తెలియును. తనకు మిగులునది చిన్న ముక్కయే కనుక, ఆ చిన్న ముక్క వీలైనంత పెద్దదిగా నుండుటకై అతడు పండును సరిసమానముగా కోయును. ఎదుటివానివలన కలుగగల నష్టములలో మిక్కిలి పెద్దదానిని ముందే లెక్కించి, దానిని వీలైనంత తగ్గించుకొనుటయే ఇందలి సూత్రము.

సరి–బేసి ఆటలో చిక్కు ఇంకను ఎక్కువ. ఒకడు గుప్పిట చింతపిక్కలు మూయును. రెండవవాడు అవి సరియో బేసియో చెప్పవలెను. ఎల్లప్పుడు సరిసంఖ్యనే మూసినచో ఎదుటివాడు త్వరలో కనిపెట్టును. ఒకసారి సరి, ఒకసారి బేసి అను వరుసను పాటించినను అంతే. నాణెము నెగురవేసి, బొమ్మ పడిన సరి, బొరుసు పడిన బేసి మూయువాడు మాత్రము పట్టుబడడు. రాబోవు ఎత్తు తనకే తెలియనప్పుడు ఎదుటివానికెట్లు తెలియును? ఎంతటి తెలివిగలవాడైనను అట్టివానిపై సగము ఆటలకు మించి గెలుపును ఆశింపజాలడు. ఇద్దరాడు ఆటలో ఒకని లాభము రెండవవాని నష్టమునకు సమానమైనచో, ఎత్తులు లెక్కకు లోబడియున్నంతవరకు, ఇద్దరికిని ఇట్టి రక్షణ వ్యూహము తప్పక ఉండునని వాన్ న్యూమన్ నిరూపించెను.

1930లో ఆయన అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకు వెళ్లెను. 1933లో జర్మనీలో నాజీలు అధికారమునకు వచ్చి యూదు పండితులను వెడలగొట్టసాగిరి. ఆ సంవత్సరమే ప్రిన్స్‌టన్‌లోని ఉన్నత పరిశోధన సంస్థ ఆయనను ఆచార్యునిగా స్వీకరించెను. ఐన్‌స్టీన్ మహాశయుడును ఆ సంస్థ తొలి ఆచార్యులలో ఒకడు. వాన్ న్యూమన్‌కు అప్పటికి ముప్పదియేండ్లైనను నిండలేదు. 1937లో ఆయన అమెరికా పౌరుడయ్యెను. యానోష్ అను పేరు జాన్‌గా మారెను.

1938లో ఆస్ట్రియాను నాజీలు ఆక్రమించినప్పుడు ఆ దేశపు అర్థశాస్త్రవేత్త ఆస్కర్ మోర్గన్‌స్టెర్న్ ప్రిన్స్‌టన్‌లో స్థిరపడెను. వస్తువుల ధరలు, బేరములు, వర్తకుల పోటీలు గూడ ఒకవిధమైన ఆటలేయని ఇరువురును ఏకాభిప్రాయమునకు వచ్చిరి. వారు కలిసి రచించిన ఆరువందల పుటలకు పైబడిన గ్రంథము 1944లో వెలువడెను. క్రీడలును అర్థశాస్త్ర వ్యవహారములును దాని విషయము. అందులో పోకర్ అను పేకాటను గూర్చిన వివరణ యొకటి గలదు. చేతిలో మంచి ముక్కలు లేనివాడు అప్పుడప్పుడు ఉన్నట్లు నటించుట టక్కరితనము మాత్రమే కాదనియు, ఎంత తరచుగా నటింపవలెనో లెక్కగట్టవచ్చుననియు అందు నిరూపింపబడెను.

అప్పటికి రెండవ ప్రపంచయుద్ధము సాగుచుండెను. 1943 నుండి వాన్ న్యూమన్ లాస్ అలమోస్ అను రహస్య కేంద్రమున పరమాణు బాంబు నిర్మాణమునకు తోడ్పడెను. ప్లుటోనియమును అన్నివైపులనుండి ఒక్కసారిగా లోనికి నొక్కు పద్ధతికి ఆయన గణనలు మిక్కిలి ఉపయోగపడెను. 1945 ఆగస్టు 9వ తేదీన నాగసాకి నగరముపై పడిన బాంబు ఆ పద్ధతిలో చేయబడినదే. వేలకొలది పౌరులు దానికి ఆహుతియైరి. ఆయన విద్యకు గల శక్తియు, దానివలన కలుగగల వినాశమును లోకమునకు ఒక్కసారిగా తెలిసివచ్చెను.

అట్టి గణనలకు మనుష్యుల చేతులు చాలకపోవుటచే ఆయన దృష్టి యంత్రములవైపు మరలెను. 1944లో ఒక రైల్వేస్టేషనులో హెర్మన్ గోల్డ్‌స్టైన్ అను సైనికాధికారి తారసపడి, ఎనియాక్ అను ఎలక్ట్రానిక్ గణకయంత్రమును గూర్చి ఆయనకు తెలిపెను. ఎకర్ట్, మాక్లీ అను ఇరువురు దానిని నిర్మించుచుండిరి. సుమారు 18,000 వాల్వులుగల ఆ యంత్రమునకు పని మార్చవలెనన్నచో తీగలను విప్పి మరల కలుపవలసియుండెను. చేయవలసిన పనుల జాబితాను గూడ సంఖ్యల రూపమున యంత్రపు జ్ఞాపకములోనే ఉంచు పద్ధతిని వివరించుచు వాన్ న్యూమన్ 1945లో ఒక నివేదిక వ్రాసెను. ఆ ఆలోచనలో ఎకర్ట్, మాక్లీలకును భాగముండెను. నివేదికపై ఒక్కరి పేరే యుండుట వారికి మనస్తాపము కలిగించెను. ఆ పద్ధతిపై ప్రిన్స్‌టన్‌లో ఆయన నిర్మింపించిన యంత్రము 1952లో లాంఛనముగా ప్రారంభింపబడెను. ఆయన భార్య క్లారా యంత్రములకు ఆజ్ఞావళులను వ్రాసిన తొలి తరమువారిలో ఒకతె.

యుద్ధానంతరము అమెరికా, సోవియట్ యూనియన్ల నడుమ వైరము ముదిరెను. 1949లో సోవియట్ యూనియన్ గూడ అణుబాంబును పరీక్షించెను. అమెరికా సేనల కొరకు పరిశోధనలు జరుపు ర్యాండ్ సంస్థకు వాన్ న్యూమన్ సలహాదారుడుగా నుండెను. శత్రువు బలపడకముందే మొదటి దెబ్బ తీయుట మేలని ఆయన ఆ దినములలో వాదించెను. బాల్యమున చూచిన భయములు ఆ వాదమునకు కొంత కారణమై యుండవచ్చును. కాని దేశపాలకులు ఆ మార్గమును అనుసరింపలేదు.

ఆ ర్యాండ్ సంస్థలోనే 1950లో ఫ్లడ్, డ్రెషర్ అను ఇరువురు గణితజ్ఞులు మరియొక విధమగు ఆటను పరిశీలించిరి. పొరుగున నున్న రెండు రాజ్యములు ఒకదానిని చూచి ఒకటి ఆయుధములు పెంచుకొనుచున్నవనుకొనుడు. రెండవ రాజ్యమేమి చేసినను, ఆయుధములు పెంచుకొనుటయే తనకు మేలని ప్రతి రాజ్యమునకును తోచును. ఇరువురును అట్లే చేసి ఇరువురును నష్టపోవుదురు. ఇట్టి ఆటలో ఒకరి నష్టము మరియొకరి లాభము కాదు. ఆ సంవత్సరమే ప్రిన్స్‌టన్‌లో జాన్ నాష్ అను యువకుడు ఇట్టి ఆటలకు గూడ వర్తించు సిద్ధాంతమును ప్రకటించి, 1994లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. మొదటి దెబ్బ తగులకుండనే ఆ రెండు రాజ్యముల వైరము 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమగుటతో ముగిసెను. యుద్ధము తప్పదని నమ్మిన మేధావి గణన ఆ యొక్క విషయమున తప్పిపోయెను.

ఆ ముగింపును చూచుటకు ఆయన మిగులలేదు. 1955లో అణుశక్తి సంఘ సభ్యుడైన కొలది నెలలకే ఆయన పుట్టకురుపు వ్యాధికి గురియయ్యెను. చక్రముల కుర్చీలో కూర్చుండియే ఆయన సభలకు హాజరయ్యెను. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆయనకు స్వాతంత్ర్య పతకము నొసగెను. వ్యాధి ముదిరిన కొలది బుద్ధి క్షీణించునను భయము ఆయనను బాధించెను. ఒకప్పుడు పెద్ద సంఖ్యలను మనస్సులోనే భాగించిన ఆ మహామేధావి, తన తెలివి నిలిచియున్నదో లేదో తెలిసికొనుటకు, ఏడును నాలుగును కలిపిన ఎంత యను మాదిరి చిన్న లెక్కలను అడుగుమని కుమార్తె మెరీనాను కోరెను. ఆమె కొంతసేపు అడిగి, దుఃఖము నాపుకొనజాలక గది విడిచి వెళ్లిపోయెను. 1957 ఫిబ్రవరి 8వ తేదీన, ఏబదిమూడేండ్ల వయస్సున, ఆయన వాషింగ్టన్‌లో కన్నుమూసెను. గణకయంత్రమును మానవుని మెదడుతో పోల్చి ఆయన వ్రాయుచుండిన గ్రంథము అసంపూర్ణముగనే 1958లో వెలువడెను.

ఆయన నాటిన విత్తనము మహావృక్షమయ్యెను. ఆయన ఆస్పత్రిలోనున్న 1956 వేసవిలోనే అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కొందరు శాస్త్రజ్ఞులు కృత్రిమ మేధ యను పేరుతో ఒక నూతన శాస్త్రమునకు శ్రీకారము చుట్టిరి. ఎదుటివాని మేలైన ఎత్తును ముందుగా లెక్కించు యంత్రము 1997లో చదరంగపు జగజ్జేత కాస్పరోవ్‌ను ఓడించెను. 2017లో లిబ్రేటస్ అను యంత్రము ఆరితేరిన నలుగురు పోకర్ ఆటగాండ్రపై గెలిచెను. తనతో తానే కోట్లకొలది ఆటలాడి, ఎప్పుడెంత నటింపవలెనో అది నేర్చుకొనెను. అంతకు సుమారు తొంబదియేండ్ల ముందు యువకుడైన వాన్ న్యూమన్ నిరూపించిన సూత్రమే దానికి ఆధారము.

ఏ ఫలమునకు ఎంత విలువయో ముందుగా నిర్ణయించి యిచ్చినచో, దానిని సాధించు మార్గమును గణితమును యంత్రమును చూపగలవు. ఒక నగర ప్రజల ప్రాణములకు ఎంత విలువ కట్టవలెనో, ఎదుటివాడు శత్రువో పొరుగువాడో నిర్ణయింపవలసినవాడు మానవుడే. వాన్ న్యూమన్ బుద్ధివైభవమును చూచి నేర్చుకొనువారు ఈ పాఠమును గూడ ఆయన జీవితమునుండి గ్రహించుట మేలు.