బడిపిల్లల పాటల గురువు - యోహాన్ సెబాస్టియన్ బాక్

డిసెంబరు నెల వచ్చినదంటే మన సంఘములలోని హైస్కూలు పిల్లలు డోలక్కు, తాళములు తీసికొని ఇంటింటికి కేరల్స్ పాడుతూ తిరగడం మనమందరము ఎరిగినదే. తెల్లవారుజామున గొంతులు బొంగురుపోయి, ఎవరో పెద్దల ఇంట కాఫీ త్రాగి, కానుక డబ్బా లెక్కపెట్టుకొని ఇండ్లకు చేరడం మనలో చాలమందికి అనుభవమే. జర్మనీ దేశములో ఈ వాడుక ఐదువందల ఏండ్లకు పూర్వమే ఉన్నది. అక్కడ బీద విద్యార్థులు గుంపులుగా వీధులలో పాడి తమ చదువుకు, తిండికి కావలసినది సంపాదించుకొనేవారు. 1498 ప్రాంతములో ఐజనాక్ పట్టణపు బడిలో చదువుకొనుచు ఆ విధముగా గుమ్మముల యెదుట పాడిన పిల్లవాడొకడు పెద్దవాడై మార్టిన్ లూథర్ అని పేరు పొందాడు.

అదే పట్టణములో, రెండు వందల ఏండ్లకు కొంచెము తక్కువగా, అదే బడిలో మరియొక పిల్లవాడు పాడాడు. అతడే యోహాన్ సెబాస్టియన్ బాక్. లోకమంతయు ఆయనను గొప్ప సంగీత విద్వాంసుడని, ఆర్గన్ వాయించుటలో సాటిలేని వాడని పొగడుతుంది. అయితే ఆయన జీవితములో చివరి 27 సంవత్సరములు ఒక బడిలో పాటల ఉపాధ్యాయుడుగా గడిచాయన్న సంగతి చాలమందికి తెలియదు. క్వయరు నడిపే మన ఉపాధ్యాయులు, ఆ క్వయరులో పాడే మన పిల్లలు ముఖ్యముగా తెలిసికొనవలసిన భాగము అదేయని నా అభిప్రాయము.

బాక్ 1685 మార్చి 21న ఐజనాక్‌లో జన్మించాడు. తండ్రి అంబ్రోసియస్ ఆ ఊరి వాద్యకాడు. వారి వంశములో తరతరములుగా అదే వృత్తి. పిల్లవానికి తొమ్మిదేండ్లప్పుడు, 1694లో తల్లి చనిపోయినది. ఏడాది తిరుగక ముందే తండ్రియు చనిపోయాడు. దిక్కులేని ఆ బాలుని ఓర్డ్రుఫ్‌లో ఆర్గన్ వాయించే పెద్దన్న యోహాన్ క్రిస్టోఫ్ తన యింటికి తీసికొనిపోయాడు. అన్న బీరువాలో దాచిన సంగీతపు పుస్తకమును తమ్ముడు రాత్రివేళ చువ్వల సందునుండి లాగి, దీపము లేక వెన్నెలలో ఆరు నెలలు వ్రాసికొన్నాడట. అన్నకు తెలిసి ఆ ప్రతిని లాగివేసికొన్నాడు. బాక్ మరణించిన తరువాత కుమారుడు, శిష్యుడు కలిసి వ్రాసిన సంస్మరణలో ఈ సంగతి ఉన్నది.

అన్నకు బిడ్డలు పెరిగారు, ఇల్లు చాలలేదు. 1700లో, పదిహేనవ ఏడు నిండే దినములలో, సెబాస్టియన్ తన స్నేహితుడు గెయోర్గ్ ఎర్డ్‌మన్‌తో కూడ ఉత్తరాన 300 కిలోమీటర్లకు మించిన దూరములోనున్న లూనెబర్గ్‌కు బయలుదేరాడు. అక్కడి సెయింట్ మైకేల్ బడిలో మంచి గొంతు గల బీద పిల్లలకు ఉచితముగా చదువు, భోజనము, కొద్దిపాటి జీతము ఇచ్చేవారు. అందుకు బదులుగా దేవాలయములో పాడాలి. తల్లి తండ్రి లేని ఆ పిల్లవానికి అన్నము పెట్టినది, చదువు చెప్పించినది అతని గొంతే.

ఆ గొంతు అక్కడికి పోయిన కొద్దికాలమునకే మారినది. ఒకనాడు క్వయరులో సొప్రానో పాడుచుండగా, తాను కోరకయే, పై స్వరముతో పాటు క్రింది స్థాయి స్వరము కూడ కలిసి వచ్చినదట. ఎనిమిది దినములు మాట్లాడినను పాడినను అట్లే రెండు స్థాయిలు. ఆ తరువాత సొప్రానో గొంతు పోయినది. మన పిల్లలకు తొమ్మిదవ తరగతిలోనో పదవ తరగతిలోనో గొంతు మారినప్పుడు తోటివారు నవ్వుతారు, ఆ పిల్లవాడు సిగ్గుపడి క్వయరు మానివేస్తాడు. బాక్ మానలేదు, మరి రెండేండ్లు అక్కడనే ఉండి చదువు ముగించుకొన్నాడు.

1703లో ఆర్న్‌స్టాట్‌లో ఆర్గనిస్టు ఉద్యోగము దొరికినది. అక్కడి విద్యార్థులతో ఆయనకు పడలేదు. వారిలో కొందరు ఈయన కంటె పెద్దవారు. బసూన్ వాయించే గెయర్స్‌బాక్ అనే విద్యార్థిని బాక్ హేళన చేశారు. 1705లో ఒక రాత్రి వాడు కర్రతో ఎదురుపడగా ఈయన కత్తి దూశారు. పెద్దలు విచారించి, లోపములున్న పిల్లలతోనే సర్దుకొని పనిచేయవలెనని ఈయనకే బుద్ధి చెప్పారు. ఈయన కోపము సంగతి దాచవలసిన పని లేదు. అది చివరివరకు పోలేదు.

మధ్యనున్న ఏండ్లు త్వరగా చెబుతాను. ముల్‌హౌజెన్, వైమర్, కొతెన్ పట్టణములలో పనిచేశారు. 1707లో మరియ బార్బరాను వివాహమాడారు. 1720లో ఆయన రాజుగారి వెంట వేరే ఊరిలో ఉండగా ఆమె చనిపోయి, భూస్థాపన కూడ జరిగిపోయినది. మరుసటి యేడు గాయని ఆన్నా మగ్దలేనాను పెండ్లి చేసికొన్నారు. ఇద్దరి వలన 20 మంది బిడ్డలు కలిగారు, పెరిగి పెద్దవారైనది 10 మంది.

1722లో లైప్‌జిగ్‌లోని సెయింట్ థామస్ బడికి కాంటర్, అనగా పాటల ఉపాధ్యాయుడు, కావలసి వచ్చాడు. నగర సభవారు మొదట కోరినది తెలెమన్‌ను. ఆయన రానన్నాడు. తరువాత గ్రౌప్నర్‌ను పిలువగా, ఆయన యజమాని విడిచిపెట్టలేదు. ఉత్తములు దొరకనప్పుడు మధ్యములతో తృప్తిపడవలసినదేయని సభ్యుడొకడు అన్నట్లు సభ పుస్తకములో వ్రాయబడి ఉన్నది. ఆ మధ్యముడు మన బాక్. 1723 మే 30న సెయింట్ నికొలస్ దేవాలయములో మొదటి కాంటాటా పాడించి పనిలో చేరారు.

ఆ పని ఎట్టిదో కొంచెము వివరముగా చెప్పుకొందాము. బడిలో సుమారు 55 మంది బోర్డింగు పిల్లలు. పండ్రెండేండ్ల వారు మొదలుకొని ఇరవై దాటిన వారి వరకు ఉండేవారు. చదువు, తిండి ఉచితము, పాడడమే ఫీజు. ప్రతి ఆదివారము నాలుగు దేవాలయములకు నాలుగు క్వయర్లు వెళ్ళాలి. బాక్ స్వయముగా నడిపేది మొదటిది, మిగిలినవి ప్రిఫెక్టులనే పెద్ద విద్యార్థుల చేతిలో ఉండేవి. పాట సరిగా రాని వారిని సెయింట్ పీటర్ దేవాలయమునకు పంపేవారు, అక్కడ సామాన్య కీర్తనలు మాత్రమే పాడేవారు గనుక. ఆ సంఘస్థులు దీనిని గూర్చి ఏమనుకొన్నారో పాపము!

ఇది గాక వివాహములు, భూస్థాపనలు, క్రొత్త సంవత్సరపు వీధి పాటలు. వచ్చిన కానుకలు రెక్టరుకు, కాంటరుకు, పిల్లలకు వంతుల ప్రకారము పంచబడేవి. ఉపాధ్యాయులు నలుగురు వారమునకొకరు చొప్పున బోర్డింగు కనిపెట్టాలి. ఆ వారము వేసవిలో అయిదింటికి, చలికాలములో ఆరింటికి పిల్లలను లేపవలెను. బాక్ కుటుంబము కాపురముండేది కూడ బడి కట్టడములోనే.

అంత సందడిలో ఆయన మొదటి సంవత్సరములలో దాదాపు వారమునకొక క్రొత్త కాంటాటా వ్రాసేవారు. భార్య, కుమారులు, శిష్యులు కూర్చొని ఒక్కొక్క గొంతుకు వేరువేరుగా కాగితములు ఎత్తివ్రాసేవారు. శనివారము ప్రాక్టీసు, ఆదివారము ఉదయము ఏడు గంటలకు ఆరాధన. సువార్త చదివిన తరువాత, ప్రసంగమునకు ముందు ఆ పాట వచ్చేది. స్త్రీలు క్వయరులో ఉండే వాడుక ఆ దేవాలయములలో లేదు గనుక సొప్రానో, ఆల్టో కూడ మగపిల్లలే పాడేవారు. ఆ విధముగా 1724 శుభ శుక్రవారమున యోహాను సువార్త శ్రమల గానమును, 1727లో మత్తయి సువార్త శ్రమల గానమును, 1734 క్రిస్మస్ మొదలు ఆరు పండుగ దినములలో క్రిస్మస్ ఒరటోరియోను మొట్టమొదట లోకమునకు వినిపించినది బడిపిల్లలు, వారికి తోడైన కొద్దిమంది ఊరి వాద్యకాండ్రు, కాలేజీ విద్యార్థులు. నేడు పెద్దపెద్ద గాయకులు భయపడుతూ పాడే పాటలవి. లూథర్ వ్రాసిన దుర్గపు కీర్తనను మనము తెలుగులో పాడుకొంటాము గదా, దాని మీద కూడ బాక్ ఒక కాంటాటా కట్టి ఆ పిల్లల చేత పాడించారు.

పిల్లలందరు సమర్థులని అనుకోవద్దు. 1730 ఆగస్టు 23న బాక్ నగర సభకు ఒక విన్నపము వ్రాశారు. ఒక్కొక్క క్వయరుకు కనీసము 12 మంది, వీలైతే 16 మంది కావాలని, జ్వరము జలుబుల కాలములో ఒకరిద్దరు తగ్గినను పాట ఆగకూడదని అందులో వివరించారు. తరువాత పిల్లల పేర్లు వ్రాసి లెక్క తేల్చారు. పనికివచ్చువారు 17, ఇంకా నేర్చుకోవలసినవారు 20, పనికిరానివారు 17. పాట పరీక్షించకుండ పిల్లలను చేర్చుకొంటున్నారన్నదే ఆయన బాధ. అయితే ఆ 17 మంది చివరి పిల్లలు తమ పేరు అట్టి జాబితాలో ఉన్నదని తెలిస్తే ఎంత కుమిలిపోయేవారో అని నాకు అనిపిస్తుంది. సభవారు ఆ విన్నపమును పట్టించుకొన్నట్లు లేదు. రెండు నెలలకు ఆయన పాత స్నేహితుడు ఎర్డ్‌మన్‌కు ఉత్తరము వ్రాసి, వేరే ఉద్యోగము చూడమని అడిగారు. గాలి మంచిదై చావులు తగ్గితే భూస్థాపన పాటల రాబడి కూడ తగ్గిపోతున్నదని అందులో వాపోయారు.

ఆ యేడే రెక్టరుగా వచ్చిన గెస్నర్ బాక్‌కు మంచి స్నేహితుడు. బడి కట్టడమును బాగుచేయించి, మీద అంతస్తులు వేయించినది ఆయన కాలములోనే. కాని నాలుగేండ్లకు ఆయన వెళ్ళిపోయి, 27 ఏండ్ల ఎర్నెస్తి రెక్టరు అయ్యాడు. ఎర్నెస్తి గొప్ప పండితుడు. బాక్ ఇంటికి కావలసినవాడు కూడ, వారి చిన్న కుమారుని బాప్తిస్మములో జ్ఞానతండ్రిగా నిలిచినవాడు. అయితే పాట పేరుతో పిల్లల చదువు పాడవుతున్నదని ఆయన నమ్మకము. వాద్యము సాధన చేస్తున్న పిల్లవాడు కనబడితే సారా దుకాణములో వాయించుకొని బ్రతుకుతావా అని అడిగేవాడట.

1736లో అది బయటపడినది. మొదటి ప్రిఫెక్టు గాట్‌ఫ్రీడ్ క్రౌజె, ఒక వివాహపు ఆరాధనలో అల్లరి చేసిన చిన్నపిల్లలను గట్టిగా శిక్షించాడు. రెక్టరు అతనిని బడి అందరి యెదుట బెత్తముతో కొట్టాలని ఆజ్ఞాపించాడు. యూనివర్సిటీకి పోవలసిన వయస్సువాడు ఆ అవమానము పడలేక బడి విడిచిపోయాడు. ఆ స్థానములో రెక్టరు మరొక క్రౌజెను పెట్టాడు. అతనికి తాళము పట్టడం సరిగా రాదని, ప్రిఫెక్టును ఎన్నుకొనే అధికారము కాంటరుదేనని బాక్ వాదించారు. ఆగస్టు 12న ఆరాధన జరుగుచుండగానే బాక్ ఆ అబ్బాయిని క్వయరు గ్యాలరీ నుండి వెళ్ళగొట్టారు. బాక్ నియమించిన వాని క్రింద పాడితే శిక్ష తప్పదని రెక్టరు పిల్లలను బెదిరించాడు. సాయంకాలపు ఆరాధనలో పాట నడుపుటకు పిల్లలలో ఎవరును ముందుకు రాలేదు. యూనివర్సిటీలో చదువుతున్న తన పాత శిష్యుని పిలిచి బాక్ ఆ పని నడిపించారు.

ఇద్దరు పెద్దలు కాగితముల మీద కాగితములు వ్రాసికొన్నారు. నగర సభకు, సంఘ న్యాయసభకు, చివరకు రాజుగారికి కూడ విన్నపములు పోయాయి. 1737 చివరి వరకు ఆ తగవు సాగినది. ఇద్దరిలో తప్పు ఎవరిది? పరీక్షలు దగ్గరపడినవి, పిల్లను క్వయరుకు పంపలేమని చెప్పే తండ్రిని, క్రిస్మస్‌కు ఆల్టో లేకుండ ఎట్లాగని తలపట్టుకొనే క్వయరు మాస్టరును మనము ప్రతి సంవత్సరము చూస్తూనే ఉన్నాము. నేను ఆ రెండు పక్షములలోను ఉండి చూచినవాడను. ఎర్నెస్తిని దుర్మార్గుడని వ్రాసే పుస్తకములు నాకు నచ్చవు. కాని బెత్తపు దెబ్బకు భయపడి బడి విడిచిన గాట్‌ఫ్రీడును గూర్చి, గ్యాలరీ మెట్లు దిగిపోయిన రెండవ క్రౌజెను గూర్చి ఆ పెద్దలిద్దరు ఎంత ఆలోచించారన్నది నాకు తోచదు.

ఆ తరువాత బాక్ బడి పనిలో మునుపటి ఉత్సాహము చూపలేదు. 1749లో ఆయన ఇంకా బ్రతికి ఉండగానే, ఆయన స్థానమునకు మరొకనిని పరీక్షించి ఉంచుకొన్నారు నగర పెద్దలు. చూపు మందగించి 1750లో రెండుసార్లు కంటికి ఆపరేషను చేయించుకొన్నారు. దాని తరువాత తేరుకోలేదు. జూలై 28న కన్నుమూశారు. భార్య ఆన్నా మగ్దలేనా పదేండ్లు ధర్మముపై బ్రతికి 1760లో చనిపోయినది.

మత్తయి శ్రమల గానమును 1829లో ఇరవై యేండ్ల మెండెల్సన్ బెర్లినులో మరల పాడించేవరకు లోకము బాక్‌ను మరచిపోయినదని చెబుతారు. థామస్ బడిలో మాత్రము మరువలేదు. ఆయన శిష్యుడు డోలెస్ కాంటరుగా ఉన్న కాలములో, 1789లో, మోజార్ట్ లైప్‌జిగ్ వచ్చాడు. బడిపిల్లలు ఆయన యెదుట 149, 150వ కీర్తనల మాటలపై బాక్ కట్టిన రెండు క్వయర్ల పాట పాడారు. కొద్ది చరణములకే మోజార్ట్ ఉలిక్కిపడి, ఇదేమిటని అడిగాడట. పూర్తి సంగీతమంతా ఒక్క పుస్తకముగా అక్కడ లేదు, పిల్లలు పట్టుకొని పాడే విడి కాగితములే ఉన్నవి. వాటినే తెప్పించుకొని, చేతులలో కొన్ని, మోకాళ్ళమీద కొన్ని, చుట్టునున్న కుర్చీలమీద కొన్ని పరచుకొని, అన్నియు చదివి ముగించేవరకు ఆయన లేవలేదు.